గేటు దాకా

ఏప్రిల్ 6

పిట్టా,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇంట్లో ఫోను ఒక్కటే, అదీ మీ అన్నయ్య చొక్కా జేబులో ఉంటుంది. కొట్టూ ఇల్లూ కలిపి రెండు గదులు, మధ్యలో తలుపు కూడా లేదు, తెర. నేను గుసగుసలాడినా ఆయనకు వినబడుతుంది. ఆయనకు వినబడకూడని మాట ఒకటుంది. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు కదా, పూర్తి మొగుడికి చెప్పలేనిది అర్ధమొగుడికి చెబుతున్నాను.

పోయిన నెల, వీధులు మూసెయ్యడానికి నాలుగు రోజుల ముందు, పెద్ద అద్దం పలక ఒకటి గోడ దగ్గర్నుంచి బల్ల మీదికి మారుస్తున్నాను. ఎప్పటిలాగే ఎడమ పక్క ఛాతీకి ఆనించి పట్టుకున్నాను. అంచు ఒకచోట నొక్కుకుంది. గుడ్డ మడత పడిందనుకున్నాను. కాదు. రొమ్ములో చిన్న గడ్డ. గోలీ కంటే చిన్నది, నొప్పి లేదు. వీధి చివర డాక్టరమ్మ చూసి, "భయపడకండి, కానీ ఆలస్యం చెయ్యకండి" అంది. ఈ రెండు ముక్కలూ ఒకే నోట్లోంచి ఎలా వచ్చాయో నాకిప్పటికీ అర్థం కాదు. పెద్దాసుపత్రికి చీటీ రాసింది. పదిహేడో తారీఖున రమ్మని వాళ్ళ దగ్గర్నుంచి కాగితం వచ్చింది.

నేను వెళ్ళలేను పిట్టా. కొట్టు మూసే ఉంది గానీ, జనం షట్టరు కిందనుంచి ఫోటోలు తోస్తున్నారు. అన్నీ ఒకే రకం ఫోటోలు. ఫ్రేము ఏ సైజు కావాలని అడిగితే సైజు చెప్పరు, కథ చెబుతారు. "ఆసుపత్రికి నడిచే వెళ్ళాడండీ. చెప్పులు కూడా తనే తొడుక్కున్నాడండీ." ఈ మూడు వారాల్లో పంతొమ్మిది చేశాను. అద్దం తుడిచి మొహం పైకి తిప్పేసరికి వాళ్ళు నన్నే చూస్తున్నట్టుంటుంది.

పైగా మీ అన్నయ్య ఛాతీ సంగతి నీకు తెలుసు. కాస్త చలిగాలి తగిలితే చాలు, పిల్లికూతలు. నేను ఆ గడ్డ చూపించుకోవడానికి వెళ్ళి ఆయనకి ఈ జబ్బు మోసుకొస్తే? గోలీ అంత గడ్డ కోసం మనిషిని పోగొట్టుకోనా?

నువ్వు అక్కడ మీ ఊరి ఆసుపత్రి ఉతుకు గదిలో పని చేస్తున్నావు. ఆ దుప్పట్లన్నీ నీ చేతుల మీదుగానే పోతాయి కదా. నీకు భయం లేదా? రోజూ ఎలా వెళుతున్నావు?

చదివాక చింపెయ్యి.

నీ వదిన

*

ఏప్రిల్ 14

వదినకు,

నీ ఉత్తరం టీ వేళకు వచ్చింది. ఇక ఆ టీ ఎవరు తాగారో నాకు తెలియదు.

ఇది పదిహేడు లోపల అందుతుందో లేదో. అందితే అర్ధమొగుడి అధికారంతో చెబుతున్నాను: వెళ్ళు. అందకపోతే, నేను చెప్పకుండానే వెళ్ళి ఉంటావని నమ్ముతున్నాను. ఆ పంతొమ్మిది మంది కథలూ నిజమే. కానీ ఆసుపత్రికి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు ఫ్రేము కట్టించుకోవడానికి నీ దగ్గరికి రారు కదా. వాళ్ళని నేను చూస్తున్నాను.

అడిగావు కాబట్టి మా పని చెబుతాను. జబ్బు వార్డు దుప్పట్లు ఎర్ర సంచుల్లో వస్తాయి. మేం మూతి విప్పం. సంచితో సహా మిషన్లో వేస్తాం, వేడినీళ్ళలో సంచే కరిగిపోతుంది. తర్వాత ఆవిరి ఇస్త్రీ. మన ఇళ్ళలో ఏ దుప్పటీ ఇంత శుభ్రంగా ఉండదు. మా అన్నయ్య దుప్పటి సంగతి అసలే ఎత్తకు. ఇంకోవైపు నుంచి తెల్ల సంచులు వస్తాయి, కాన్పుల వార్డువి. చేతి తువ్వాలంతవి, పసిపిల్లల్ని చుట్టే గుడ్డలు. నిన్న నలభై మడతపెట్టాను. ఇంత గోలలో కూడా పిల్లలు పుట్టడం మానలేదు వదినా. ఆసుపత్రి అంటే ఒక్క వార్డు కాదు. నువ్వు వెళ్ళాల్సిన వైపు వేరు, జబ్బు వైపు వేరు. దార్లు కూడా కలవవు.

అన్నయ్యకు చెప్పు. చెప్పకపోతే నా మీద ఒట్టు అనను, ఎందుకంటే నువ్వు ఒట్లు గట్టున పెట్టే రకం.

ఏం జరిగిందో పూస గుచ్చినట్టు రాయి.

పిట్ట

*

ఏప్రిల్ 23

పిట్టకు,

నీ ఉత్తరం ఇరవైన చేరింది. నేను పదిహేడునే వెళ్ళొచ్చాను. నువ్వు చెప్పకముందే చేశాను, మెచ్చుకో.

పూస గుచ్చినట్టే రాస్తున్నాను. గేటు దగ్గర చేతులు కడిగించారు. లోపల ఒక నర్సు నా నోట్లో థర్మామీటరు పెట్టి రెండు నిమిషాలు గడియారం చూసింది. జ్వరం లేదంది. బెంచీ మీద ఆరుగురం ఆడవాళ్ళం పక్కపక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. డాక్టరు పెద్దాయన. చూసి, ముసిముసిగా నవ్వుతూ, "ఇది ఉత్త కొవ్వు గడ్డమ్మా, ఇంటికెళ్ళి హాయిగా ఉండు" అన్నాడు. అంతే. కొండంత భయం గోరంతైంది. అంతా నీ ధైర్యం వల్లే. నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను.

కాబట్టి మీ అన్నయ్యకు ఇప్పుడు చెప్పాల్సిన పనే లేదు. ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం. నీ ఆరోగ్యం జాగ్రత్త. అక్కడ తిండి బాగుందా? దుప్పట్లు మడతపెట్టి పెట్టి నడుం పడిపోతుందేమో, మధ్యమధ్యలో కూర్చో.

నీ వదిన

*

మే 2

వదినకు,

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. చెక్క బద్దల మూలలు అతికించడం నీ వృత్తి. అయినా ఈ ఒక్క ఫ్రేముకి మూడు మూలలు ఊడాయి.

ఈ రోజుల్లో ఏ ఆసుపత్రిలోనూ ఎవరి నోట్లోనూ ఏదీ పెట్టరు. నుదుటికి జానెడు దూరంనుంచి పిస్తోలు లాంటిది చూపిస్తారు, అంతే. బెంచీ మీద ఆరుగురు కూర్చోరు, ఒకరు కూర్చుంటే రెండు చోట్లకి ఇంటూ గుర్తు ఉంటుంది. ఇక ఆ డాక్టరు ముసిముసి నవ్వు, మాస్కు లోపలిది నీకెలా కనిపించింది?

ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత గిన్నెలు తోముతూ ఏడిచాను. కోపం మాత్రం రాలేదు, నమ్ము. నేను "వెళ్ళు" అని ఒక్క మాటలో తేల్చేశాను. నువ్వు "నీకు భయం లేదా" అని అడిగావు. దానికి జవాబు చెప్పకుండా సంచుల రంగులు చెప్పాను. తప్పు నాది.

భయం ఉంది వదినా. మార్చిలో మొదటి ఎర్ర సంచి వచ్చిన రోజు నేను గది గుమ్మం దాటలేదు. కాళ్ళు రాలేదు. గోడకానుకుని నిలబడిపోయాను. ఇస్త్రీ దగ్గర ఒక పెద్దమ్మ ఉంది, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే. ఆమె బయటికొచ్చి, "లోపలికి రమ్మనట్లేదులే. ఇవాళ గుమ్మం దాకా వచ్చావు, చాలు. రేపు ఇంకో రెండడుగులు" అంది. సూపర్‌వైజరుతో నాకు కడుపునొప్పని చెప్పింది. మర్నాడు మిషన్ దాకా. ఆ మర్నాడు చేతులకి తొడుగులు వేసుకుని పక్కన నిలబడ్డాను. నాలుగో రోజు సంచి నేనే ఎత్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకే.

అందుకని ఈసారి ఆసుపత్రికి వెళ్ళమని అనను. ఈ వారం గేటు దాకా వెళ్ళు. గేటవతల నిలబడి ఓ పావుగంట చూడు. లోపలికి వద్దు. వచ్చేసి ఏం చూశావో రాయి. ఊహించింది కాదు, చూసింది.

తప్పిన తేదీకి బదులు ఇంకో తేదీ ఇవ్వమని ఫోను చేస్తే ఇస్తారు. తిట్టరు. నీలాంటివాళ్ళు రోజుకి పది మంది చేస్తారట, మా దగ్గర రిజిస్టరు రాసే అమ్మాయి చెప్పింది.

పిట్ట

*

మే 10

పిట్టా,

ఉత్తరం విప్పేటప్పుడే చెవులు వేడెక్కాయి. నీ ముందు దొంగలా దొరికిపోయాను. అంత చక్కగా దొరకబుచ్చుకుని ఒక్క మాటైనా తిట్టలేదేం? తిడితే తేలిగ్గా ఉండేది. నువ్వు గుమ్మం దగ్గర నిలబడిపోయిన ముక్క మాత్రం నాలుగుసార్లు చదివాను. పిట్టకీ కాళ్ళు రాని రోజుందంటే, నాకు ఎంత ఊరటగా ఉందో చెబితే నువ్వు ఏమనుకుంటావో.

గేటు దాకా వెళ్ళాను. మేకులు కొనాలని మీ అన్నయ్యతో చెప్పి బయల్దేరాను. మలుపు తిరిగి ఆసుపత్రి గోడ కనిపించగానే ఆగిపోయాను. ఎదురుగా పాత బస్టాపు ఉంది, బస్సులు లేవు. అక్కడ కూర్చున్నాను. ఇప్పుడు చూసింది రాస్తున్నాను.

నేల మీద పసుపు రంగు గుండ్రాలు. వాటిల్లో మనుషులు, కదలని చదరంగంలా. కాపలాదారు ఒకడు, మనిషి చూస్తే కుస్తీవాడు, గొంతు మాత్రం పీల. "అమ్మా, ముక్కు బయటికొచ్చింది, ముక్కు!" అని అరుస్తున్నాడు. చెయ్యి విరిగిన ఒకాయన బన్ను తినడానికి మాస్కు కిందకి లాగుతాడు, వాడు చూడగానే పైకి లాగుతాడు, ఇలా ఆ బన్ను పావుగంటా తిన్నాడు. ఒక ముసలామె లోపల్నుంచి చేతిసంచీ ఊపుకుంటూ ఒక్కతే నడిచొచ్చింది. కొడుకనుకుంటాను, స్కూటరు మీద ఉన్నాడు. "ఏమన్నారు?" అనడిగాడు. "ఉప్పు తగ్గించమన్నారు, అది కూడా నీవల్లే" అంది. నేను పైకే నవ్వాను.

తిరిగొచ్చినవాళ్ళని లెక్కపెట్టాను పిట్టా. పావుగంటలో ఇరవై ఒక్క మంది. నా పంతొమ్మిది కంటే ఇద్దరెక్కువ.

మర్నాడు వీధి చివర కొట్లోంచి ఆసుపత్రికి ఫోను చేశాను. ఒక అమ్మాయి, నిజంగానే తిట్టలేదు. మే ఇరవై ఆరు, ఉదయం పది. ఈలోగా ఇంకో రెండడుగులు ఏమిటో నువ్వే చెప్పాలి. వెంటనే రాయి.

మేకులు కొనడం మర్చిపోయాను.

నీ వదిన

*

మే 21

పిట్టా,

పదకొండు రోజులైంది. నీ దగ్గర్నుంచి ముక్క లేదు. రోజూ పోస్టుమాన్ సైకిలు గంట విని షట్టరు ఎత్తుతున్నాను. దూరంనుంచే చెయ్యి అడ్డంగా ఊపుతాడు. వీధి చివర కొట్లోంచి రెండుసార్లు ఫోను చేశాను, నువ్వు ఎత్తలేదు.

నేను అబద్ధమాడినందుకు నీకు కోపం రాలేదన్నావు. ఇప్పుడొచ్చిందేమో. ఆలోచించేకొద్దీ వచ్చే కోపాలుంటాయి. లేక పంతొమ్మిది కంటే ఇరవై ఒకటి ఎక్కువని నేను రాసింది పోయినవాళ్ళని వెటకారం చేసినట్టనిపించిందా? నువ్వు రోజూ చూసే చోట ఉన్నావు. అలా అనుకుంటే క్షమించు.

ఇంకో రెండడుగులు నాకు నేనే వేసుకున్నాను. లోపలి హాలు దాకా వెళ్ళి పది నిమిషాలు కూర్చున్నాను. పిస్తోలు లాంటిది నిజమే.

ఇంక అయిదు రోజులు. కోపం ఉంటే కోపంగానే రాయి.

వదిన

*

మే 28

పిట్టకు,

నువ్వు రాయకపోయినా నేను రాయకుండా ఉండలేను. చెయ్యి ఆగదు.

మీ అన్నయ్యకు తెలిసిపోయింది. ఎలాగో చెబితే నవ్వుతావు, నీకింకా నా మీద నవ్వు మిగిలుంటే. ఇరవై నాలుగు సాయంత్రం నీ ఉత్తరాలు అద్దాల వెనక దాచుకుంటుంటే చూశాడు. బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, "దానికేమైంది, చెప్పు" అన్నాడు.

"దేనికి?" అన్నాను.

"మా పిట్టకి. నువ్వు నెల రోజులుగా దొంగచాటుగా ఉత్తరాలు చదవడం, కళ్ళు తుడుచుకోవడం చూస్తూనే ఉన్నా. రోజూ పోస్టుమాన్ కోసం ఉరకడం. దానికి ఆ జబ్బు తగిలింది. నాకు చెప్పకుండా మీరిద్దరూ దాస్తున్నారు."

నాకు ఎంత నవ్వొచ్చిందంటే! "పిట్టకేం కాలేదు, గుండ్రాయిలా ఉంది, అయింది నాకు" అని, ఆ నవ్వులోనే మొత్తం చెప్పేశాను. రెండు నెలలు గొంతులో అడ్డంపడ్డ మాట అంత సులువుగా వచ్చేసింది. ఆయన స్టూలు వెనక్కి జరిపి లేచాడు. తర్వాత, "నా ఛాతీ కోసం నీ ఛాతీ దాచావా?" అన్నాడు. ఆ మాట అని, తెర అవతలకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ఇరవై ఆరున పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకులా తయారయ్యాడు. లోపలికి రోగి ఒక్కరే అన్నారు. ఆ పీల గొంతు కాపలాదారు ఆయనకి బస్టాపు చూపించాడు. మూడు గంటలు అక్కడే కూర్చున్నాడు.

లోపల నేను తలుపు దగ్గర ఆగిపోయాను. నర్సు ఒకామె, "ఏమ్మా, ఎవరి కోసం చూస్తున్నారు?" అంది. "నా కాళ్ళ కోసం" అన్నాను. ఆమె నవ్వలేదు. "వస్తాయి, తొందర్లేదు" అని నా పక్కనే నిలబడింది. చేతిలో ఎన్నో కాగితాలున్నాయి, ఎవరో పిలుస్తున్నారు కూడా. అయినా నిలబడింది. ఆమె మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు, మాస్కు. కళ్ళ కింద నల్లటి చారలు మాత్రం గుర్తున్నాయి. ఇద్దరం కలిసే లోపలికి నడిచాం.

ఈసారి డాక్టరు నవ్వారో లేదో నేను చెప్పలేను. ఫోటో తీశారు, సూదితో ముక్క తీశారు. వారంలో చెబుతారట. వాళ్ళు ఏం చెప్పినా సరే, నేను వెళ్ళాను. ఈ ఒక్క మాట నీకు చెప్పాలని.

రాయవూ?

వదిన

*

జూన్ 3

వదినా,

నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు. అన్నయ్య సరిగ్గానే పసిగట్టాడు.

మే పదకొండున నాకు జ్వరం వచ్చింది. పదమూడుకి మా ఆసుపత్రిలోనే, మేం దుప్పట్లు పంపే వార్డులోనే పడుకున్నాను. పదమూడు రోజులు. ఆరు రోజులు ఆక్సిజన్ పెట్టారు. వార్డులోకి ఉత్తరాలు రానివ్వరు. నీ మూడూ సూపర్‌వైజరు సొరుగులో పెట్టి ఉంచాడు. మొన్న గదికొచ్చాక ఇస్త్రీ పెద్దమ్మ తెచ్చిచ్చింది, వరసగా పేర్చి. మూడూ ఒకే బిగిన చదివాను. మధ్య ఉత్తరంలో నువ్వు క్షమాపణ అడుగుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. నేను గుండ్రాయిలా ఉన్నానని నువ్వు అన్నయ్యతో అన్న రోజు, నేను లేచి కూర్చోవడానికి ఇంకా ఒకరు పట్టుకోవాల్సొచ్చింది.

నీకు కబురు చెయ్యొద్దని నేనే అన్నాను. నీ తేదీ దగ్గర పడింది. నేను ఆసుపత్రిలో పడ్డానని తెలిస్తే నువ్వు గేటు దాకా కూడా వెళ్ళవు. నీకు కోపంగా ఉంటే ఉండు.

ఒక సంగతి చెప్పాలి. మొదటి రోజు మంచం మీద దుప్పటి కప్పినప్పుడు, అంచు దగ్గర మడత చూశాను. అది నా మడతే. నేను కుడిచెయ్యి వాటం కాదు కదా, నా మడత ఎదురు తిరిగి ఉంటుంది. అందుకు పెద్దమ్మ రోజూ విసుక్కునేది. ఆ దుప్పటి పట్టుకుని నిద్రపోయాను. మనం చేసిన పని ఎవరికి చేరుతుందో మనకి తెలియదు. నాకు మాత్రం తెలిసింది.

నన్ను చూసుకున్నవాళ్ళ పేర్లు కూడా తెలియవు. ఒక ఆయా నా తల దువ్వి జడ వేసేది. రెండు పొరల తొడుగుల చేతుల్తో జడ వెయ్యడం ఎంత కష్టమో ఆలోచించు.

ఇప్పుడు బాగున్నాను. మెట్లెక్కితే ఆయాసం. ఊపిరితిత్తుల మీద మచ్చలున్నాయట, కొన్నాళ్ళాగి స్కానింగు తీయించుకోమన్నారు, చూద్దాం. నా గొడవ వదిలెయ్. నీ ఫలితం ఏమైంది? ఒక్క ముక్కైనా వెంటనే రాయి.

నువ్వు వెళ్ళావు వదినా. నువ్వు వెళ్ళావు.

పిట్ట

*

జూన్ 24

పిట్టా,

నీ ఉత్తరం మీ అన్నయ్యే చదివి వినిపించాడు. మధ్యలో కాగితం నా చేతికిచ్చేశాడు, మిగతాది నేను చదివాను. "నేను చెప్పలా?" అని ఓ పూటంతా నా మీద గెలిచినట్టు తిరిగాడు. ఆ తర్వాత రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అయ్యిందేదో అయ్యింది, ఇకమీదట ముగ్గురిలో ఎవరూ ఎవరికీ దాచకూడదని తీర్మానం చేశాడు. నువ్వూ సంతకం పెట్టాలట.

నా సంగతి. అది క్యాన్సరే. చిన్నది. డాక్టరు కాగితం మీద గీసి చూపించింది. అవును, ఆమె ఆడమనిషి, పెద్దాయన కాదు, నా అబద్ధంలో అది కూడా తప్పే. పన్నెండో తారీఖున ఆపరేషను చేసి గడ్డా, దాని చుట్టూ కొంతా తీసేశారు. చంకలో గ్రంథులు శుభ్రంగా ఉన్నాయట. ఆగస్టులో కొన్ని వారాలు రేడియేషను, రోజూ వెళ్ళి రావాలి. అది చాలన్నారు. "ఇంకో ఆర్నెల్లు ఆగుంటే మనం వేరే మాటలు మాట్లాడుకునేవాళ్ళం" అంది. ఆ వేరే మాటలేమిటో నేను అడగలేదు.

మత్తు దిగాక ముందు గుర్తొచ్చింది ఎవరో చెప్పనా? నీ ఇస్త్రీ పెద్దమ్మ. నేను చూడని మనిషి. ఆమె ఆ రోజు నిన్ను "లోపలికి రా, పని చెయ్యి" అని కసిరి ఉంటే, నువ్వు నాకు గేటు దాకా చాలని చెప్పేదానివి కాదు, నేను వెళ్ళేదాన్ని కాదు. ఆమెకి నా దణ్ణాలు చెప్పు. ఎందుకో ఆమెకి అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

ఎడమ చెయ్యి పైకెత్తే కసరత్తు చేయిస్తున్నారు. అద్దాలు ఇప్పుడు మీ అన్నయ్య మోస్తున్నాడు. నిన్న ఒకావిడ పెళ్ళి ఫోటో తెచ్చింది, ఫ్రేముకి. ఎన్నాళ్ళకో బతికున్నవాళ్ళ ఫోటో! ఇద్దరూ ఎంత వికారంగా నవ్వారో, ఎంత ముద్దుగా ఉన్నారో.

ఇక నీ లెక్క. "కొన్నాళ్ళాగి స్కానింగు, చూద్దాం" అని రాశావు. నువ్వు సంచుల రంగులు కూడా చెప్పే మనిషివి. తేదీ ఎందుకు రాయలేదు? ఏ తేదీ?

నీ వదిన

*

జులై 10

వదినా,

నీ కబురు చదివి పెద్దమ్మ మెడ పట్టుకుని ఊగిపోయాను. నీ దణ్ణాలు చెప్పాను. "ఎవరావిడ? నేనేం చేశాను?" అంది. గుమ్మం సంగతి ఆవిడకి గుర్తే లేదు!

తేదీ అడిగావు. తీర్మానం మీద సంతకం పెట్టినట్టే లెక్క కాబట్టి చెబుతున్నాను. తేదీ జులై ఆరు. వెళ్ళాను. స్కానింగు గది తలుపు దాకా వెళ్ళి, పేరు పిలిస్తే, వెనక మెట్ల మీదుగా పారిపోయి వచ్చేశాను. నేను పని చేసే ఆసుపత్రే. నాకు ప్రతి తలుపూ తెలుసు. పారిపోవడానికి కూడా అందుకే సులువైంది.

ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులని నువ్వంటే పడతాను. ఉతుకు గదిలో ఉన్నంతకాలం నేను ఈ ఇంటి మనిషిని. మంచం మీద పడుకున్నాక వేరే. నా పక్క మంచం ఆమె నాతో రెండు రోజులు మాట్లాడింది, మనవరాలి అల్లరంతా చెప్పింది. మూడో రోజు పొద్దున లేచేసరికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి, అంచులు సరిచేసి పరిచి ఉంది. ఉతికిన దుప్పటి చూసి భయపడతానని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు పనిలో ఒక్కోసారి చేతులు ఆగిపోతాయి. ఆ స్కానింగు బల్ల మీద కూడా అలాంటిదే పరిచి ఉంది.

మచ్చలు పెరిగాయంటే? తగ్గలేదంటే? తెలియకపోతే ఆయాసం ఉత్త ఆయాసమే కదా.

ఇరవై మూడుకి మళ్ళీ రాశారు. ఉదయం పదకొండు. గేటు దాకా అంటావేమో. నేను గేటు లోపలే ఉంటాను వదినా, నాకు గేటు లేదు. అదే నా చిక్కు.

పిట్ట

*

జులై 23
మీ ఆసుపత్రి, స్కానింగు గది బయట బెంచీ

పిట్టా,

నువ్వు లోపలున్నావు. తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. నా చేతులకి పనిలేకపోతే గోళ్ళు కొరుకుతాను, అందుకని రాస్తున్నాను. ఇంటూ గుర్తులు వదిలేసి సరైన చోటే కూర్చున్నాను, కంగారుపడకు.

నీ ఉత్తరం అందగానే మా డాక్టరుని అడిగాను. రేడియేషను మొదలయ్యేలోపు వెళ్ళి రావచ్చు, చెయ్యి మీద బరువు పెట్టొద్దు అంది. బస్సులో ఏడు గంటలు. సీటుకి ఒక్కరు. మీ అన్నయ్య వస్తానన్నాడు గానీ, ఆ ఛాతీతో నేనే ఆపాను. నిన్న నీ గది తలుపు కొడితే తీసి, నన్ను చూసి, "ఏ సైజు కావాలండీ?" అన్నావు. ఎంత చిక్కిపోయావే! అయినా ఆ నోరు చిక్కలేదు.

పొద్దున్న ఈ వసారాలో నీకు కాళ్ళు రానప్పుడు నేనేమీ చెప్పలేదు. పక్కన నిలబడ్డానంతే. నువ్వు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నావంటే, ఇప్పటికీ వేళ్ళ గుర్తులున్నాయి.

లైటు ఇంకా వెలుగుతోంది. ఇస్త్రీ పెద్దమ్మ వచ్చి వెళ్ళింది. నేననుకున్నంత పెద్దగా లేదు, పొట్టిమనిషి. నాకో కప్పు టీ ఇచ్చి, నువ్వు మడతలు ఎదురు వేస్తావని నాకు ఫిర్యాదు చేసింది. "ఆ అమ్మాయి లేనన్నాళ్ళూ దుప్పట్లన్నీ ఒకేలా వచ్చాయి, చూడబుద్ధి కాలేదు" అని కూడా అంది. ఇది నీకు చెప్పొద్దంది. మన ముగ్గురి తీర్మానం ఆమెకి తెలియదు పాపం.

(తర్వాత రాస్తున్నాను, నీ గదిలో.)

డాక్టరు చెప్పింది ఇద్దరం విన్నాం. మచ్చలు సగానికి పైగా తగ్గాయి. మిగతావీ తగ్గుతాయి, పరుగెత్తొద్దు, మూడు నెలలకి మళ్ళీ రా. నువ్వు "అంతేనా?" అన్నావు, బస్సు దాటిపోయిందన్నంత దిగులుగా. బయటికొచ్చాక గోడవైపు తిరిగి ఏడిచావు. ఇప్పుడు ముసుగుతన్ని నిద్రపోతున్నావు. గురకలో మీ అన్నయ్యకు తీసిపోవు. ఎన్నాళ్ళైందో నిద్రపోయి.

నీకు థాంక్సు చెప్పాలని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ మాట మార్చేశాను. వదినా ఆడపడుచులం, దెప్పుకోవడం అలవాటు, ఇది కొత్త. కాగితం మీదైతే చెప్పగలను: ఈ రోజు నేను ఊపిరి తీసుకుంటున్నది నీ వల్ల. నువ్వు తీసుకుంటుంటే వింటున్నాను. ఇంతకంటే నాకేం కావాలి?

నాలుగు గంటలకి నా బస్సు. ఈ కాగితం నీ టీ గ్లాసు కింద పెట్టి, మూడున్నరకి నిన్ను లేపుతాను. స్టాండు దాకా రావొద్దు, రెండంతస్తులు దిగి ఎక్కాలి. కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపు చాలు. వీధి మలుపులో నేను ఆగి వెనక్కి చూస్తాను.

నీ వదిన